పెద్దవాళ్ల పాత నడుం నొప్పికి వ్యాయామమా, మానసిక చికిత్సా, రెండూ కలిపా?

ఇంట్లో అరవై దాటిన మనిషికి నడుం నొప్పి మూడు నెలలకు పైగా నడుస్తోందంటే, ఈపాటికి ఎంఆర్ఐ అయిపోయి ఉంటుంది. "డిస్క్ జరిగింది", "ఎముకలు అరిగాయి", "ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ దగ్గర గ్యాప్ వచ్చింది" లాంటి మాట ఒకటి ఇంట్లో స్థిరపడిపోయి ఉంటుంది. ఒక బెల్టు, రెండు మూడు ఆయింట్‌మెంట్లు, పది రోజులు కరెంటు పెట్టించుకోవడం కూడా అయ్యుంటాయి. ఆ తర్వాత ఒక డాక్టరు వ్యాయామం చెయ్యమంటారు. ఇంకొకరు "టెన్షన్ తగ్గించుకోండి, ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్లండి" అంటారు. ఈ రెండో మాట వినగానే పెద్దవాళ్లకి కోపం వస్తుంది. నొప్పి నడుములో ఉంటే మనసుకి వైద్యమేంటి, నేనేమైనా నటిస్తున్నానా అని.

ఆ కోపంలో న్యాయం ఉంది. చెప్పినవాళ్లు ఎందుకు పంపుతున్నారో చెప్పకుండా పంపారు కాబట్టి అది అవమానంలాగే వినిపిస్తుంది.

మూడు దారుల్లో ఏది ఎంచుకోవాలో చూసేముందు నా మొగ్గు ఎటో చెప్పేస్తాను. ఏ చికిత్స గొప్పది అని కాకుండా, ఈ మనిషిని కదలనివ్వకుండా ఆపుతున్నది ఏమిటి అని చూడాలి. ఒంట్లో బలం తగ్గడమే కారణమైతే వ్యాయామం చాలు. భయం, దిగులు, నిద్ర లేకపోవడం ఆపుతుంటే వ్యాయామాల కాగితం చేతిలో పెట్టి పంపినా అది రెండు వారాల్లో సొరుగులోకి వెళ్లిపోతుంది. వాళ్లకి రెండూ కలిపి కావాలి.

ముందు డాక్టరు తేల్చాల్సినవి

ఇక్కడ చెప్పేదంతా ప్రత్యేకమైన జబ్బు ఏదీ బయటపడని నడుం నొప్పి గురించి. నడుం నొప్పుల్లో ఎక్కువ భాగం అలాంటివే. కానీ వయసు పెరిగేకొద్దీ మిగతావాటి వాటా పెరుగుతుంది. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాళ్లలో బలం తగ్గిపోతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. జారిపడ్డాక మొదలైన నొప్పి, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లకి హఠాత్తుగా వచ్చిన నొప్పి, వెన్నుపూస నలిగిన గుర్తు కావచ్చు. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లలో పెద్దగా దెబ్బ తగలకుండానే ఇది జరుగుతుంది. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్ను టీబీ, క్యాన్సర్ లాంటివి లేవని తేల్చాలి. మన దేశంలో టీబీని మర్చిపోకూడదు.

ఇంకొకటి ఉంది. కాస్త నడిస్తే కాళ్లు లాగి బరువెక్కడం, కూర్చుంటేనో ముందుకు వంగితేనో హాయిగా అనిపించడం. వెన్నులో నరాలు వెళ్లే దారి ఇరుకైనప్పుడు ఇలా ఉంటుంది. వీళ్లకీ వ్యాయామం పనికొస్తుంది కానీ రకం మారుతుంది, డాక్టరు చూసి చెప్పాలి.

ఎంఆర్ఐ రిపోర్టు మాత్రం ఒక్కటే చూసి బెంబేలెత్తకండి. ఏ నొప్పీ లేని మనుషుల స్కాన్లు పరిశీలించిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. నొప్పి లేని ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కులు అరిగి ఉన్నాయి, 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. ఇరవై ఏళ్లవాళ్లలో కూడా 37 శాతం మందికి అరుగుదల కనిపించింది. తల నెరవడానికి ఎవరూ చికిత్స చేయించుకోరు కానీ, రిపోర్టులో అరుగుదల అని రాసి ఉంటే జీవితాంతం వంగడం మానేస్తారు.

వ్యాయామం ఒక్కటే

ఎక్కువమంది మొదలుపెట్టాల్సింది ఇక్కడే. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష 2021లో వచ్చింది, మనుషులమీద చికిత్సను పరీక్షించిన 249 అధ్యయనాలను అది కలిపి చూసింది. నొప్పిని 0 నుంచి 100 వరకు కొలిస్తే, వ్యాయామం చేసినవాళ్లకి చెయ్యనివాళ్ల కంటే సగటున 15 పాయింట్లు ఎక్కువ తగ్గింది. పనులు చేసుకోగలగడంలో వచ్చిన మెరుగుదల దానికంటే చిన్నది. అంటే అద్భుతమేమీ కాదు, నికరమైన లాభం.

ఏ వ్యాయామం? దీనిమీద జరిగే వాదనలు అవసరానికి మించినవి. 2017లో బోస్టన్‌లో 320 మందిమీద చేసిన పరీక్షలో యోగా, ఫిజియోథెరపీ దాదాపు సమానంగా నిలిచాయి. నడక సంగతికి వస్తే, ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. నడుం నొప్పి వచ్చి తగ్గినవాళ్లకి క్రమంగా నడక పెంచే పద్ధతి నేర్పించారు. వాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, నేర్పించనివాళ్లలో సగం మందికి 112 రోజులే. వాళ్ల లక్ష్యం ఆరు నెలల్లో వారానికి ఐదుసార్లు, ముప్పై నిమిషాల నడకకు చేరడం. మొదటి రోజే ముప్పై నిమిషాలు కాదు.

అరవై ఐదు దాటినవాళ్లకి నడక ఒక్కటే చాలదని నా అభిప్రాయం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం లాంటివి రెండు మూడు జత చెయ్యాలి. కాళ్ల బలం పెరిగితే పడిపోయే ప్రమాదం కూడా తగ్గుతుంది. ఎముకలు గుల్లబారినవాళ్లు మాత్రం ముందుకు బాగా వంగి కాలివేళ్లు అందుకునే ఆసనాలు, బరువుతో నడుము తిప్పే కసరత్తులు మానుకోవాలి. టీవీలో చూసి చేసే సూర్యనమస్కారాలు వీళ్లకోసం కాదు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు మంచి బూట్లు లేకుండా నడక పెంచకూడదు. గుండె జబ్బు ఉంటే ముందు ఆ డాక్టరుని అడగాలి.

వ్యాయామం ఒక్కటే ఎవరికి సరిపోతుంది? నొప్పి ఉన్నా గుడికీ, పెళ్లిళ్లకీ వెళ్లొస్తున్నవాళ్లు. రాత్రి నిద్ర పట్టేవాళ్లు. "చేస్తే తగ్గుతుందంటే చేస్తా" అనేవాళ్లు. వీళ్లకి మానసిక చికిత్స పేరుతో డబ్బూ సమయమూ ఖర్చుపెట్టించాల్సిన పనిలేదు.

మానసిక చికిత్స ఒక్కటే

దీనిమీద ఉన్న అపోహ ముందు తీసేయాలి. చిన్నప్పటి కష్టాలు చెప్పించి ఏడిపించడం కాదు ఇది. నొప్పికి వాడేవి ముఖ్యంగా మూడు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే సీబీటీ. "వంగితే నడుము విరుగుతుంది" లాంటి నమ్మకాలను పట్టుకుని, వాటిని చిన్నచిన్న పనులతో పరీక్షించి చూపిస్తుంది. మైండ్‌ఫుల్‌నెస్, నొప్పితో కుస్తీ పట్టకుండా దాన్ని గమనించడం నేర్పిస్తుంది. మూడోది నొప్పి ఎలా పనిచేస్తుందో వివరంగా చెప్పడం. నెలల తరబడి సాగిన నొప్పిలో నరాల వ్యవస్థ సున్నితమైపోతుంది. దొంగ వచ్చినా, పాలవాడు వచ్చినా ఒకేలా మొరిగే కుక్కలాగా, నడుముకి ఏ హానీ లేనప్పుడు కూడా నొప్పి రూపంలో హెచ్చరిస్తూనే ఉంటుంది. నొప్పి నిజం, దెబ్బ తగులుతోందన్నది మాత్రం నిజం కాకపోవచ్చు. ఇది అర్థమైతే సగం భయం తగ్గుతుంది.

ఫలితాలెలా ఉన్నాయి? 2016లో అమెరికాలో 342 మందిమీద చేసిన పరీక్షలో, ఆరు నెలల దగ్గర పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గ మెరుగుదల మైండ్‌ఫుల్‌నెస్ నేర్చుకున్నవాళ్లలో 60.5 శాతం మందికి, సీబీటీ తీసుకున్నవాళ్లలో 57.7 శాతానికి, మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో 44.1 శాతానికి కనిపించింది. తేడా ఉంది, కానీ అందులో ఉన్నవాళ్లు 20 నుంచి 70 ఏళ్లవాళ్లు. అచ్చంగా 65 దాటిన 282 మందిమీద అదే ఏడాది పిట్స్‌బర్గ్ పరీక్ష ఫలితం వచ్చింది. ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ తర్వాత పనులు చేసుకునే శక్తి కాస్త పెరిగింది కానీ, ఆరు నెలలయ్యేసరికి ఆ లాభం నిలవలేదు. మనవాళ్లకి ధ్యానం యాప్ పెట్టిచ్చి నడుం నొప్పి పోతుందని చెప్పేవాళ్లు ఈ ఫలితం చూడాలి.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016లోనే దీన్ని తేల్చేసింది. నడుం నొప్పికి మానసిక చికిత్స ఇస్తే వ్యాయామం ఉన్న ప్యాకేజీలో భాగంగానే ఇవ్వాలి, విడిగా కాదు అని. నేనూ అంతే అంటాను. మినహాయింపు ఒకటుంది. దిగులు బాగా ముదిరి, తిండి మానేసి, మంచం దిగనివాళ్లకి ముందు ఆ డిప్రెషన్ సంగతి చూడాలి. బతకాలని లేదు అనే మాట వినిపిస్తే ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

రెండూ కలిపితే ఏం మారుతుంది

2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. 97 పరీక్షలు, 13,136 మంది మనుషులు. మానసిక చికిత్సలు ఎక్కువ పనిచేసింది ఫిజియోథెరపీతో, ముఖ్యంగా వ్యాయామంతో జతపడినప్పుడే అని తేలింది. సీబీటీనో, నొప్పి గురించిన అవగాహననో ఫిజియోతో కలిపినప్పుడు పనులు చేసుకోవడం మెరుగుపడింది, కదలడమంటే ఉన్న భయం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వ్యాయామం, అవగాహన, సీబీటీ ఈ మూడింటినీ పనికొచ్చేవాటిలో చేర్చాయి. అదే సంస్థ ట్రాక్షన్ (నడుమును బరువులతోనో మిషన్‌తోనో లాగడం), అల్ట్రాసౌండ్, టెన్స్ మిషన్ (చర్మం మీద సన్నగా కరెంటు పెట్టేది), నడుం బెల్టు మామూలుగా వాడొద్దంది. మన ఊళ్లలో ఫిజియో అంటే చాలాచోట్ల దొరికేవి సరిగ్గా ఇవే కావడం విచారకరం.

ఎందుకు కలిపితే మెరుగు అన్నది ఒక ఉదాహరణతో చూద్దాం. అరవై ఎనిమిదేళ్ల ఆవిడ అనుకోండి. రెండేళ్ల క్రితం బకెట్టు ఎత్తబోయి నడుము పట్టేసింది. అప్పట్నుంచి వంగదు. పూజకి పీట మీద కూర్చోవడం మానేసింది, కింద పడిన చెంచా కూడా కోడలే తియ్యాలి. వంగకపోవడంతో నడుము బిగుసుకుంది, బలం తగ్గింది. ఎప్పుడైనా వంగాల్సి వస్తే నిజంగానే నొప్పేస్తుంది. అది చూసి భయం ఇంకా గట్టిపడుతుంది. ఇందులో వ్యాయామం మాత్రమే ఇస్తే ఆవిడ నడుము బిగబట్టి, ఊపిరి బిగబట్టి చేస్తుంది, రెండో రోజు నొప్పి పెరగ్గానే "నేను ముందే చెప్పాగా" అని మానేస్తుంది. మాటలు మాత్రమే చెబితే తల ఊపుతుంది, వంగదు.

రెండూ తెలిసిన మనిషి ఏం చేస్తారంటే, ఆవిడ భయపడే పనులన్నీ రాయిస్తారు. ఒక్కోదానికి ఎంత భయమో పదికి మార్కులు వేయిస్తారు. సోఫా మీదున్న దిండు తియ్యడానికి రెండు, కింద పడ్డ చెంచాకి ఐదు, సగం బకెట్టుకి ఎనిమిది. రెండు మార్కుల పనితో మొదలు. చేసేముందు "ఏమవుతుందనుకుంటున్నారు?" అని అడుగుతారు. చేశాక "ఏమైంది?" అని అడుగుతారు. ఊపిరి వదులుతూ, నడుము వదులుగా ఉంచి వంగడం నేర్పిస్తారు. ఇలా ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే కండరానికి బలం వస్తుంది, నమ్మకమూ మారుతుంది. ఏది వ్యాయామం, ఏది మానసిక చికిత్స అని ఇక్కడ విడదీయలేం.

ఆస్ట్రేలియాలో ఈ రకం చికిత్సనే కాగ్నిటివ్ ఫంక్షనల్ థెరపీ పేరుతో 492 మందిమీద పరీక్షించారు. 12 వారాల్లో ఏడు సెషన్ల వరకు, తర్వాత ఆరు నెలల దగ్గర ఇంకొకటి. ఇచ్చింది సైకాలజిస్టులు కాదు, ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత కూడా లాభం నిలిచింది. ఒంటికి సెన్సర్లు తగిలించి కదలిక చూపించడం వల్ల అదనంగా కలిసొచ్చిందేమీ లేదు, కాబట్టి ఖరీదైన మిషన్ల కోసం వెతక్కండి. అయితే ఆ పరీక్షలో ఉన్నవాళ్ల సగటు వయసు యాభై లోపే. డెబ్బై ఏళ్లవాళ్ల విషయంలో ఆధారం దీనికంటే పలుచగా ఉంది. పెద్దవాళ్లకి మెట్టు చిన్నది పెట్టాలి, సమయం ఎక్కువ ఇవ్వాలి.

జ్ఞాపకశక్తి బాగా తగ్గినవాళ్లకి ఆలోచనలు రాసుకునే సీబీటీ పనిచెయ్యదు. రోజూ ఒకే వేళకి, ఇంట్లో ఒకరు పక్కన ఉండి చేయించే నడకే వాళ్లకి నయం. చెవుడు ఉన్నవాళ్లని గ్రూపులో కూర్చోబెట్టకండి.

ఒకే మనిషి దగ్గరా, ఇద్దరి దగ్గరా, ఇంట్లోనా

ఒకే ఫిజియో రెండూ చూసుకోవడం పెద్దవాళ్లకి అన్నిటికంటే సులువు. తిరుగుడు తక్కువ, "సైకాలజిస్టు" అన్న మాటే రాదు. కానీ మన దగ్గర అలా శిక్షణ ఉన్నవాళ్లు తక్కువ. ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగితే చాలావరకు తెలిసిపోతుంది. మిషన్లు ఎంతసేపు, వ్యాయామం ఎంతసేపు? ప్రతిరోజూ రావాలా, ఇంట్లో చేసుకునేవి నేర్పిస్తారా? వంగడానికి భయపడే మనిషితో మీరెలా మొదలుపెడతారు? మూడోదానికి "వంగొద్దనే చెబుతామండీ" అని జవాబొస్తే ఇంకో చోటు చూసుకోండి.

ఫిజియో ఒకచోట, క్లినికల్ సైకాలజిస్టు ఇంకోచోట అంటే హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి చోట్ల కుదురుతుంది. సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, అడగడంలో తప్పులేదు. ఈ దారిలో పెద్ద చిక్కేమిటంటే ఇద్దరూ మాట్లాడుకోరు. ఒకరు వంగమంటారు, ఒకరు జాగ్రత్త అంటారు. భయపడే మనిషి జాగ్రత్త అన్న మాటే పట్టుకుంటాడు. ఇద్దరినీ ఒకసారి ఫోన్లోనైనా కలపగలిగితేనే ఈ దారి మంచిది. దిగులు ఎక్కువగా ఉన్నవాళ్లకి, భర్తో భార్యో పోయిన దుఃఖంలో ఉన్నవాళ్లకి, ఏళ్ల తరబడి నిద్రమాత్రల మీద ఉన్నవాళ్లకి మాత్రం ఫిజియో ఒక్కరే సరిపోరు, ఇదే కావాలి. నిద్రమాత్ర సొంతంగా ఆపెయ్యకూడదు.

చిన్న ఊళ్లో ఉన్నవాళ్లకీ, పిల్లలు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి వీడియో కాల్‌లో చూసుకునేవాళ్లకీ మిగిలేది ఇంట్లో చేసుకోవడం. ఒకటి రెండుసార్లు ఫిజియోకి చూపించి వ్యాయామాలు సరిచూసుకున్నాక ఇది బాగానే నడుస్తుంది. అసలు కిటుకు సమయం కొలుచుకోవడంలో ఉంది. నొప్పి తక్కువున్న రోజు ఇల్లంతా సర్దేసి, తర్వాత మూడు రోజులు మంచమెక్కడం చాలామంది అలవాటు. దీనికి బదులు, నొప్పి మరీ పెరగకుండా పది నిమిషాలు నడవగలిగితే ఏడెనిమిది నిమిషాలతో మొదలుపెట్టాలి. బాగున్న రోజైనా అంతే, బాగోలేని రోజైనా దాదాపు అంతే. వారానికోసారి నిమిషమో రెండు నిమిషాలో పెంచాలి. గడియారం చెప్పాలి ఎప్పుడు ఆపాలో, నొప్పి చెప్పకూడదు. చేశాక నొప్పి కాస్త పెరిగి ఒక రోజులో సర్దుకుంటే పర్లేదు. రెండో రోజుకీ తగ్గకపోతే ఒక మెట్టు దిగాలి, మానెయ్యకూడదు.

ఇంట్లోవాళ్ల నోరు కూడా చికిత్సలో భాగమే. "అయ్యో, నువ్వెందుకు లేచావమ్మా, నేను తెస్తాగా" అనే ప్రేమే చాలా ఇళ్లలో పెద్ద అడ్డంకి. రోజుకి నాలుగుసార్లు "నొప్పెలా ఉంది?" అని అడగడం మానేసి, "ఇవాళ ఎందాకా నడిచొచ్చారు నాన్నా?" అని అడగండి. మానసిక చికిత్స గురించి చెప్పాల్సి వస్తే నొప్పితో మొదలుపెట్టకండి, నిద్రతో మొదలుపెట్టండి. "మీకు నొప్పి వల్ల నిద్ర పట్టట్లేదు కదా, దానికి మందు లేకుండా పద్ధతి నేర్పించేవాళ్లున్నారట, ఒకసారి వెళ్దాం" అంటే చాలామంది పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు, సీబీటీలో నిద్రకి ప్రత్యేకమైన పద్ధతి ఉంది.

ఎప్పుడు దారి మార్చాలి

ఏది ఎంచుకున్నా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వండి. మొదటి రోజే మూడు సంగతులు రాసిపెట్టుకోండి: ఆగకుండా ఎన్ని నిమిషాలు నడుస్తున్నారు, అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తున్నారు, మానేసిన పనుల్లో తిరిగి చెయ్యాలనుకుంటున్నది ఏది. నొప్పి మార్కులు రోజుకోలా మారతాయి, వాటినే పట్టుకుంటే నిరాశ మిగులుతుంది. నడక పెరిగి నొప్పి అలాగే ఉన్నా అది లాభమే, కొనసాగించండి. నొప్పి మందు రోజూ మింగాల్సిన అవసరం తగ్గితే అరవై దాటినవాళ్ల కిడ్నీలకీ, కడుపుకీ, బీపీకీ అది చిన్న మేలు కాదు.

వ్యాయామం ఒక్కటే మొదలుపెట్టినవాళ్లు రెండో వారంలోనే మానేశారంటే, బద్ధకం అని తిట్టేముందు ఏం భయపడ్డారో అడగండి. జవాబులో "విరుగుతుంది", "జరుగుతుంది", "మంచాన పడతాను" లాంటి మాటలుంటే కలిపి చేసే చికిత్సకి మారండి. కలిపి చేసినా 12 వారాలకి ఆ మూడు లెక్కల్లో ఒక్కటీ కదలకపోతే, లేదా కొత్తగా కాళ్లు తిమ్మిరెక్కడం, బలం తగ్గడం మొదలైతే, రిపోర్టులన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఈసారి పాత ఎంఆర్ఐతో పాటు మీరు రాసుకున్న కాగితం కూడా చూపించండి.